బుడ్డల లెక్కన చీనీ

మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె పక్క పల్లె. తాతల నాటి నుంచి బుడ్డలు, అంటే వేరుశనగ, వేసిన ఇల్లు. బోరులో నీళ్లు పడ్డాక మూడెకరాల్లో చీనీ, అంటే బత్తాయి, పెట్టాం. పంట మారింది గానీ నా చేతులు మారలేదు.

2020 సెప్టెంబరు. దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు అనంతపురం నుంచి పండ్లతో ఢిల్లీకి కదిలిన నెల. రైలెక్కించిన రైతుల కాయలు ఢిల్లీ చేరాయి. నావి ఇంటి కొట్టం దాటలేదు.

మండీలో ధర నచ్చలేదు. పదిరోజులు ఆగుదామనుకున్నా. అలాగని కాయ చెట్టు మీద ఉంచానా? వాన వెలిసిన మర్నాడే, ఆకుల తడి ఆరకముందే కోత పెట్టించాను. కత్తెరలు దండగ, మెలేసి లాగండి అన్నాను. గోనె సంచుల్లో కుక్కి, మూతి కుట్టి, కొట్టంలో పేర్చి పైన పట్ట కప్పాను. బుడ్డలనైతే అలాగే దాచేవాళ్లం మరి.

ఆరోరోజు తలుపు తీస్తే పులిసిన వాసన. సంచిలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. అడుగు కాయ మెత్తగా జారిపోయింది. దాని మీద పచ్చటి పొడి, చుట్టూ తెల్లటి అంచు. ఆ పొడి పంచెకు తుడుచుకుని మంచివి ఏరడం మొదలుపెట్టాను. అదంతా బూజు విత్తనమేనని అప్పుడు తెలీదు. సంచి సంచికీ నేనే చల్లాను.

వానను తిట్టుకుంటుంటే, ఏరడానికొచ్చిన పెద్దామె ఒక కాయ తిప్పి చూపించింది. "చూడు నాయనా, తొడిమ ఊడొచ్చింది. ఇక్కడ గోరు దిగింది. వానేం చేసింది పాపం?"

ఆమె మాటే నిజం. గాయం లేని తొక్కలోకి పచ్చ బూజు దిగలేదు. ఇక కోసిన కాయ ప్రాణమున్నదే; ఊపిరి తీస్తూ వేడినీ తేమనూ వదులుతుంది. ఎండిన బుడ్డలో ఆ పని దాదాపు ఆగిపోయి ఉంటుంది. చీనీకి మూతి కుడితే దాని ఆవిరిలో దాన్నే ఉడకేసినట్టు.

పైగా అదే కొట్టంలో అరటి గెల మాగేశాను. మాగే అరటి వదిలే ఇథిలీన్ వాయువు చీనీ తొక్కను పసుపు చేస్తుందే తప్ప తీపి పెంచదు. చీనీ కోశాక మాగే జాతి కాదు. ఆ గాలికి తొడిమ బొడిపె రాలితే కుళ్లుకు వాకిలి తీసినట్టే.

ఇరవై సంచుల్లో పదమూడు దిబ్బలో పోశాను.

ఇప్పుడు ధర నచ్చకపోతే కొన్నాళ్లు చెట్టే నా కొట్టం. మంచు ఆరాక, తొడిమ బొడిపె నిలిచేలా కత్తిరించి, నీడలో గాలాడే క్రేట్లలో పెడతాం. ఇంటి కాయలకు రెండు వరసల ఇటుక గోడ కట్టి, నడుమ ఇసుక పోసి, పొద్దునా సాయంత్రం తడుపుతాం. 1980లలో ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెప్పిన, కరెంటు అక్కర్లేని పద్ధతి ఇది. మా పైర్లను ఎండబెట్టే పొడిగాలే ఆ తడిని లాగి కాయను చల్లబరుస్తుంది. చల్లదనం మంచిదే గానీ అతి చలి అరటికి పడదు, అందుకే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టం. 13 డిగ్రీల లోపు చలికి తొక్క నల్లబడుతుంది.

కోత రోజు కత్తెరలు పంచేముందు అందరి గోళ్లూ చూస్తాను. మొదట నావి.