కిటికీ ముందు మా పెద్దక్క



మా సంఘంలో ఇప్పుడు వీధికొక బిడ్డ విదేశంలో ఉన్నది. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ పెద్దవాళ్లు మాట్లాడుకునేవి రెండే సంగతులు, వానలు, వీసాలు. “మాస్టారూ, మా అమ్మాయి రమ్మంటున్నది, ఆ కాగితం ఎలా వస్తుంది?” అని నన్నడుగుతారు. నేను బడిపంతులుగా పనిచేసి రిటైరైన వాణ్ణి, వీసా ఏజెంటును కాను. కాకపోతే మా పెద్దక్క కోసం రెండుసార్లు తిరిగాను, ఒకసారి దెబ్బతిన్నాను. ఆ తిరుగుడులో తెలిసినదే ఇక్కడ రాస్తున్నాను.

అక్కది తెనాలి వైపు పల్లె. బావ పోయి చాలా ఏళ్లయింది. ఎకరం ముప్పై సెంట్ల మాగాణి, రెండు గేదెలు, పెంకుటిల్లు ఆమె ఆస్తి. ఒక్కతే కూతురు. పెళ్లయి భర్తతో అమెరికాలో చికాగో దగ్గర ఉంటున్నది. 2018లో ఆ పిల్ల మొదటి కాన్పుకు అక్కను రమ్మన్నది. తల్లి లేకుండా కూతురికి పురుడేమిటని అక్క పంతం.

మా తరంలో అమెరికా వీసా అంటే మద్రాసు వెళ్లాలి. హైదరాబాదులో వాళ్ల కాన్సులేట్ 2008లో తెరిచారు. స్వాతంత్ర్యం వచ్చాక అమెరికా మన దేశంలో కొత్తగా తెరిచిన మొదటి కాన్సులేట్ అదే. బేగంపేటలో పైగా ప్రభువుల పాత భవనంలో ఉండేది. 2018లో మేము వెళ్లింది అక్కడికే. రాత్రి రైలెక్కి సికింద్రాబాదులో దిగి, స్నానాలు చేసి, ఏడు గంటలకల్లా ఆ సందులో నిలబడ్డాం. ఫోను, సంచి లోపలికి తీసుకుపోనివ్వరు. నన్ను గేటు దగ్గరే ఆపేశారు. దరఖాస్తు ఎవరిదో వారే లోపలికి వెళ్లాలి.

ఆ ఊరూ ఈ ఊరూ తిరిగిన ఒకాయన అక్కకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు బట్టీ పట్టించాడు. అక్క పట్టాలు, బ్యాంకు పుస్తకం, సంఘ కాపరి గారు దయతో రాసిచ్చిన ఉత్తరం, అన్నీ ఫైల్లో పెట్టుకుని వెళ్లింది. కిటికీ అవతల అధికారి ఒక్క కాగితమూ అడగలేదట. ఎందుకు వెళ్తున్నావన్నాడు. అక్క బట్టీ పట్టిన మొదటి ముక్క చెప్పింది. మళ్లీ ఎందుకు తిరిగి వస్తావన్నాడు. రెండో ముక్క చెప్పబోయి మూడోది చెప్పింది. రెండు నిమిషాలు కూడా కాలేదు, పాస్‌పోర్టుతో పాటు ఒక కాగితం చేతిలో పెట్టి పంపేశారు.

బయటికి వచ్చి అక్క ఏడవలేదు. “కాఫీ తాగుదాం పదరా” అన్నది. ఆ కాన్పుకు ఆమె వెళ్లలేదు. మనవణ్ణి మొదటిసారి ఫోనులోనే చూసింది.

ఆ కాగితంలో ఏముందో ఇంటికి వచ్చాక నిదానంగా చదివాను. ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన సంగతి అది. అమెరికా వలస చట్టం 1952 నాటిది. అందులో 214 బి అనే భాగం ప్రకారం, సందర్శనకు వస్తామని అడిగే ప్రతి మనిషినీ అధికారి ముందు అక్కడే ఉండిపోయే మనిషిగానే లెక్కవేయాలి. తిరిగి వస్తానని నమ్మించే భారం అడిగేవారిదే. నమ్మకం కుదరకపోతే వీసా ఇవ్వరు. అది నేరం మోపడం కాదు, శాశ్వత నిషేధమూ కాదు. పరిస్థితులు మారినప్పుడు మళ్లీ అడగవచ్చు, అడిగినప్పుడల్లా ఫీజు మళ్లీ కట్టాలి. ఆ రోజుల్లో ఫీజు 160 డాలర్లు. వీసా వచ్చినా రాకపోయినా తిరిగి ఇవ్వరు. మా ఊళ్లో మాత్రం అక్కను “వెనక్కి పంపేశారంట” అని ఏదో తప్పు చేసినట్టు చూశారు. సంవత్సరం పాటు ఆమె పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గించింది. చదువుకున్న నేను కూడా ఆ అపవాదును ఖండించలేదు. ఇప్పుడు చెబుతున్నాను, అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు.

2023 మొదట్లో మేనకోడలు ఫోను చేసింది. “మామయ్యా, ఈసారి ముందే తేదీ తీసుకో, తర్వాత అవసరమైతే వాడుకుందాం” అన్నది. కోవిడ్ తర్వాత అప్పట్లో మన దేశంలో మొదటిసారి అడిగేవారికి సందర్శక వీసా ఇంటర్వ్యూ కోసం ఏడాదికి పైగా నిరీక్షణ ఉండేది. కనుక ఆ పిల్ల చెప్పింది నిజమే. డీఎస్-160 అనే ఫారం కంప్యూటరులో నింపాలి. నేనే కూర్చున్నాను.

సాయానికని పట్నంలో ఒక ఏజెంటును కలిశాను. అతను నవ్వుతూ రెండు సలహాలిచ్చాడు. పొలం ఐదెకరాలని రాయమన్నాడు. ఇంతకుముందు వీసా నిరాకరించారా అన్న ప్రశ్నకు లేదని పెట్టమన్నాడు. “ఎవరు చూస్తారండీ” అన్నాడు. రెండోదానికి నాకు భయం వేసి ఒప్పుకోలేదు. మొదటిదానికి మాత్రం, దాచడమెందుకు, మెత్తబడ్డాను. ఐదెకరాలు రాయలేదు గాని నెల ఆదాయం గడిలో నలభై వేలు కొట్టాను. అక్క మంచి కోసమే కదా అనుకున్నాను.

పంపించే ముందు అక్క, “నా పేరు మీద ఏం రాశావో తెలుగులో చదువు” అన్నది. ఒక్కొక్కటే చదివాను. నువ్వు ఉగ్రవాదివా, గూఢచారివా, ఎవరినైనా చిత్రహింస పెట్టావా, జాతి సంహారంలో పాల్గొన్నావా, ఇవన్నీ నిజంగానే ఆ ఫారంలో ఉన్నాయి. “అయ్యో, ఇవి కూడా అడుగుతారా?” అని నోరు నొక్కుకున్నది. ఆదాయం దగ్గరకు వచ్చాను.

“నలభై వేలు ఎవరివిరా?”

“నీవేనక్కా. ఊరికే, బాగుంటుందని.”

“రెండు గేదెల పాల మీద నలభై వేలా? ఆ దొర అడిగితే నేనేం చెప్పనురా తమ్ముడూ? నువ్వు కిటికీ దగ్గర ఉండవుగా.”

కొట్టివేసి ఉన్నది ఉన్నట్టు పెట్టాను. తర్వాత తెలుసుకున్నదేమంటే, వీసా రాకపోవడం ఒకటి, వీసా కోసం అబద్ధమాడి పట్టుబడటం మరొకటి. ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పారని తేలితే ఆ చట్టమే జన్మంతా ఆ దేశంలో అడుగు పెట్టే అర్హతను తీసేస్తుంది. ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే తప్ప తలుపు తెరుచుకోదు. 2018లోనే అక్క పది వేళ్ల ముద్రలు వాళ్ల దగ్గర ఉన్నాయి. “ఎవరు చూస్తారండీ” అన్నవాడికి ఆ సంగతి తెలియదా? తెలుసు. అతని ఫీజు అతనికి ముందే ముట్టింది.

మన పల్లె క్రైస్తవ కుటుంబాలకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు పేర్లది. పొలం కాగితంలో ఒక పేరు, సంఘ రిజిస్టరులో బాప్తిస్మపు పేరు, ఇంట్లో పిలిచేది ఇంకొకటి. ఫారంలో, మీకు ఇతర పేర్లున్నాయా అని అడుగుతారు. ఉంటే ఉన్నాయని రాయాలి, అంతే. అక్క పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ఒక్క పేరే ఉన్నది. అలాంటివారి వీసా మీద ఉన్న పేరును ఇంటిపేరు చోట వేసి, అసలు పేరు చోట ఎఫ్.ఎన్.యు. అని అచ్చువేస్తారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. అక్కకు అది చెబితే, “అరవై ఏళ్లు వచ్చాక పేరు తెలియని మనిషినయ్యానా!” అని నవ్వింది. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే ఇంటిపేరు కూడా వేయించుకోండి. టికెట్టు కూడా పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే కొనండి.

తేదీ 2024 ఏప్రిల్‌కు దొరికింది. అప్పటికి కూతురికి ఆరో నెల. కాన్సులేట్ 2023 మార్చిలోనే నానక్‌రామ్‌గూడలో కొత్తగా కట్టిన భవనంలోకి మారింది. ముందు రోజు ఫోటోకు, వేలిముద్రలకు వేరే చోటికి వెళ్లాలి. అది హైటెక్ సిటీ మెట్రో స్టేషనులోనే ఉన్నది. స్టేషను అంటే రైలెక్కే చోటని అక్క అనుకున్నది, వేళ్లు పెట్టేసి బయటికి వచ్చాక కూడా “ఏదిరా రైలు?” అన్నది. మాటిచ్చినట్టు అమీర్‌పేట దాకా ఎక్కించాను.

మర్నాడు నేను రోడ్డు అవతల చెట్టు కింద నిలబడ్డాను. ఈసారి బట్టీ పట్టించలేదు. తెలుగులో మాట్లాడతానని చెప్పవచ్చు, హైదరాబాదులో ఆ వసతి ఉన్నది. తర్వాత అక్క చెప్పిన ప్రకారం లోపల జరిగింది ఇది. ఎందుకు వెళ్తున్నారని అడిగారు. కూతురికి జూలైలో కాన్పు, పురుడు పోయడానికి అన్నది. ఇంతకుముందు ఎందుకు ఇవ్వలేదు? నాకు సరిగ్గా చెప్పడం రాలేదండీ అన్నది. ఎప్పుడొస్తారు? నవంబరు ఆఖరుకు, డిసెంబరులో వరికోతలు అన్నది. గేదెల్ని ఎవరు చూస్తారు? మా తమ్ముడు, వాడికి పాలు పితకడం రాదు, అదే నా బెంగ అన్నది. కిటికీ అవతల ఇద్దరూ నవ్వారట. పాస్‌పోర్టు తీసి పక్కన పెట్టుకున్నారు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉంచుకున్నారంటే సాధారణంగా వీసా ముద్ర వేయడానికే.

ఇదంతా చదివి నిజం చెప్పినవారందరికీ వీసా వస్తుందని అనుకోవద్దు. మా పక్క సంఘంలో అంతే నిజం చెప్పిన దంపతులకు రాలేదు. ఫీజు కూడా 2023 జూన్‌లో 185 డాలర్లకు పెరిగింది, మన డబ్బులో పదిహేను వేలు దాటింది. పల్లెటూరి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. అంత డబ్బు తీసుకుని రెండు నిమిషాల్లో పంపేయడం న్యాయమేనా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పెద్ద వయసువారికి ఒక మాట. 80 ఏళ్లు దాటినవారికి ఒకప్పుడు ఇంటర్వ్యూ మినహాయించేవారు. 2025 సెప్టెంబరు నుంచి వారు కూడా మామూలుగా రావలసిందే.

వీసాకు పదేళ్ల గడువు వచ్చింది. ఊళ్లో అందరూ “పదేళ్లు ఉండొచ్చంట” అన్నారు. అది పొరపాటు. వీసా అంటే వాళ్ల గుమ్మం దాకా వెళ్లి తలుపు తట్టే అనుమతి. లోపలికి రానివ్వాలా, ఎన్నాళ్లు ఉండనివ్వాలా అన్నది గుమ్మం దగ్గరి అధికారి తేలుస్తాడు. సందర్శకులకు మామూలుగా ఆరు నెలలిస్తారు. ఐ-94 అనే నమోదులో ఆ తేదీ ఉంటుంది. ఇప్పుడది కంప్యూటరులో చూసుకోవాలి. ఆ తేదీ దాటి ఉన్నవారి వీసా, పదేళ్లలో తొమ్మిదేళ్లు మిగిలి ఉన్నా, చెల్లకుండా పోతుంది.

అక్క విషయంలో ఆ గుమ్మం అబుదాబిలోనే ఎదురైంది. 2014 నుంచి అమెరికా వాళ్లు అక్కడి విమానాశ్రయంలోనే తమ తనిఖీ పెట్టారు. అక్కడ దాటితే చికాగోలో దిగాక ఆ తనిఖీ మళ్లీ ఉండదు. భాష రాదని చక్రాల కుర్చీ అడగమని అందరూ సలహా ఇచ్చారు. నడవగలిగిన మనిషి నడవలేనివాళ్ల కుర్చీ తీసుకోవడం నాకు నచ్చదు. కాని ఒంటరిగా వెళ్లే పల్లెటూరి తల్లికి దారి చూపేవారు ఇంకెవరున్నారంటే నా దగ్గర జవాబు లేదు. అక్క మాత్రం నడిచే వెళ్లింది. చీటీ మీద కూతురి చిరునామా, ఫోను నంబరు ఇంగ్లీషులో రాసిచ్చాను, అది చూపించింది.

తినే వస్తువులేమున్నాయని అడిగితే చేతిసంచి తెరిచి, “ఆవకాయ ఉంది బాబూ, కరివేపాకు ఉంది” అన్నది. ఆవకాయ వదిలారు. కరివేపాకు తీసి పారేశారు. నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెచ్చే పురుగు ఆ ఆకు మీద వస్తుందని దాన్ని రానివ్వరు. కోడిమాంసం పచ్చడి, విత్తనాలు, పళ్లు కూడా పెట్టుకోకండి. ఏదున్నా అడిగినప్పుడు చెప్పేస్తే పారేయడంతో సరి, దాచితే జరిమానా. మందులు డాక్టరు చీటీతో పట్టుకెళ్లాలి. ఆరోగ్య బీమా తప్పక చేయించాలి. పాత జబ్బులకు చాలా బీమాలు వర్తించవు, ఆ సంగతి ముందే అడగండి. అక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రి ఖర్చు ఇక్కడ పొలం అమ్మినా తీరకపోవచ్చు.

గల్ఫుకు వెళ్లే అక్కచెల్లెళ్లకు ఒక హెచ్చరిక. సందర్శక వీసా మీద తీసుకెళ్లి ఇంటిపనికి కుదుర్చుతామని ఎవరైనా అంటే నమ్మకండి. పదో తరగతి పాసు కానివారు మొత్తం 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. కువైట్, సౌదీ ఆ జాబితాలోనివే. 30 ఏళ్లు నిండని స్త్రీలకు ఇంటిపని కోసం ఆ అనుమతి ఇవ్వరు. సందర్శక వీసా అడ్డదారిలో వెళ్లినవారికి అక్కడ కష్టం వస్తే కాగితం మీద వారు పనివారే కారు.

జూలైలో ఆడపిల్ల పుట్టింది. అక్క స్నానం పోసింది, సాంబ్రాణి వేస్తే ఇంట్లో పొగ గంట మోగిందట. నవంబరు మూడో వారంలో తిరిగి వచ్చింది. శంషాబాదులో నన్ను చూడగానే అడిగిన మొదటి మాట గేదెల గురించి. రెండోది, “వచ్చేటప్పుడు వాళ్లెవరూ ముద్ర వేయలేదురా, నేను వచ్చేశానని వాళ్లకెలా తెలుస్తుంది?” అని. అమెరికా నుంచి బయలుదేరేటప్పుడు పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు, విమాన సంస్థ పంపే వివరాలతో నమోదు చేసుకుంటారని చెప్పాను. ఆమెకు నమ్మకం చాలలేదు. బోర్డింగు పాసు ముక్కను మడతపెట్టి బైబిలులో పెట్టుకున్నది. అది ఇప్పటికీ అక్కడే ఉన్నది.