పాటకు రెండు పుట్టిళ్లు

తెలంగాణ అంతటా సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజున. వేములవాడలో మాత్రం ఏడో రోజునే! ఆ రెండు రోజుల తేడా వెనక ఓ ఆడబిడ్డ ప్రయాణం ఉంది. ఆమె వెంట పాట కూడా ఊరు మారుతుంది. బడి లేదు, పుస్తకం లేదు, ఫీజు లేదు... అయినా ఇన్ని పాటలు, ఇన్ని అడుగులు అమ్మ నుంచి బిడ్డకు ఎలా అందుతున్నాయి? ఆ చదువుకు ఇప్పుడొచ్చిన చిక్కేమిటి?

వేములవాడ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది రాజన్న. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగే మొక్కు, ధర్మగుండంలో స్నానం, శివరాత్రి జాతర... ఇవన్నీ తెలిసినవే. కానీ ఈ ఊరికి ఇంకో ముఖం ఉంది. అది చూడాలంటే మహాలయ అమావాస్య నుంచి రోజులు లెక్కపెట్టుకుని ఏడో నాడు రావాలి.

ఆ రోజు పొద్దున్నుంచే ఇళ్లలో హడావుడి. చేల గట్ల మీది తంగేడు, గునుగు మూటలు మూటలుగా ఇళ్లకు చేరతాయి. గునుగు కొసలకు ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులద్దుతారు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస, బంతి, చామంతి, కట్లపూలు, పట్టుకుచ్చు... గోపురంలా పేర్చుకుంటూ పోతారు. పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. వంటింట్లో పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పులిహోర, మలీద ముద్దలు సిద్ధమవుతాయి. సాయంత్రానికి పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు వాడవాడ నుంచీ బయల్దేరతారు. ఆట ముగిశాక బతుకమ్మలు మూలవాగు నీళ్లలోకి సాగిపోతాయి.

మిగతా తెలంగాణలో అదే రోజు వేపకాయల బతుకమ్మ. వాళ్లకు సద్దుల పండుగ ఇంకా రెండు రోజులుంది!

వెళ్లే పాట... వచ్చే పాట

ఎందుకీ తొందర? ఊళ్లో చెప్పే మాట ఒకటే. ఆడబిడ్డకు రెండిళ్లు. రెండిళ్లలోనూ ఆమె చేతి మీదుగా బతుకమ్మ పేర్చాలి. వేములవాడ కోడళ్లు ఏడో రోజు అత్తగారింట పండుగ చేసుకుని, తొమ్మిదో రోజుకల్లా పుట్టింటికి చేరుకుంటారు. బయటి ఊళ్లకు వెళ్లిన వేములవాడ ఆడబిడ్డలు ఏడో రోజుకు పుట్టింటికి వచ్చి, తొమ్మిదో రోజుకు మళ్లీ అత్తగారింటికి వెళ్లిపోతారు. ఎటు చూసినా ఒకే ఏడాదిలో రెండు సద్దులు.

బంధుత్వం కోసం పెట్టుకున్న ఈ ఆనవాయితీ పాటకూ మేలు చేసింది. ఒక్కో ఊళ్లో పాట ఒక్కో తీరు. ఒకే రామాయణ ఘట్టాన్ని ఓ ఊళ్లో ‘ఉయ్యాలో’ అని పాడితే, ఇంకో ఊళ్లో ‘చందమామ’ అని పాడతారు. ఓ చోట ఒంటి చప్పట్లు, మరో చోట రెండు చప్పట్లు. అత్తగారి వాడలో వదినలూ తోడికోడళ్లూ పాడిన కొత్త పాట రెండు రోజుల తర్వాత అమ్మగారి వాకిట్లో వినిపిస్తుంది. అమ్మమ్మ దగ్గర విన్న పాత పాట మరుసటేడు అత్తగారింటికి వస్తుంది. సద్ది మూటతో పాటు పాటను కూడా మోసుకెళ్లడమన్నమాట.

వలయమే బడి

బతుకమ్మ పాటను ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఆడుతూ ఉంటే వచ్చేస్తుందంతే. ఎలా వస్తుందో కాస్త గమనిస్తే, ఆ పద్ధతి ఎంత పకడ్బందీగా ఉందో తెలుస్తుంది.

పాట వచ్చిన ఒకామె చరణం ఎత్తుకుంటుంది. మిగతావాళ్లు దాన్నే తిరిగి అంటారు. అంటే ప్రతి మాటా చెవిలో రెండుసార్లు పడుతుంది. ఒకసారి వినడానికి, ఒకసారి అనడానికి. ప్రతి చరణం చివరా పల్లవి మాట వస్తుంది. అది కొత్తవాళ్లకు ఊతం. చరణం రాకపోయినా ఆ ఒక్క మాట అందుకోవచ్చు. పాడే ఆమెకేమో తర్వాతి చరణం గుర్తు తెచ్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఆమె ఎక్కడైనా తడబడితే పక్కనున్న పెద్దావిడ అందుకుంటుంది. ఆట ఆగదు.

అయిదారేళ్ల పిల్ల అమ్మ కొంగు పట్టుకుని వలయంలోకి వస్తుంది. మొదట అడుగు పట్టుబడుతుంది. తర్వాత వంగి చప్పట్లు కొట్టడం. ఆ తర్వాత పల్లవి. నాలుగైదు పండుగలు గడిచేసరికి చరణాలు నోటికి వస్తాయి. ఎప్పుడో ఓ ఏడాది ‘నువ్వెత్తుకోవే’ అని ఎవరో అంటారు. అదే ఆమెకు పరీక్ష, అదే పట్టా కూడా!

దీనికి బాలశిక్ష కూడా ఉంది. అదే బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో అంతస్తులుగా బొడ్డెమ్మను చేసి, పూలు అలంకరించి చుట్టూ ఆడతారు. పాటలు చిన్నవి, వరసలు తేలిక. పెద్దల ముందు తప్పు పాడతామన్న బెరుకు ఉండదు. అక్కలు పాడితే చెల్లెళ్లు అందుకుంటారు. బొడ్డెమ్మ నిమజ్జనమయ్యేసరికి గొంతూ కాలూ పెద్ద ఆటకు సిద్ధమైపోతాయి.

ఇక ఆ పాటల్లో లేనిదేముంది! సీతమ్మ కష్టాలు, శివపార్వతుల ముచ్చట్లు, అన్న ఇంటికి వచ్చిన చెల్లెలి దుఃఖం, వదిన మరదళ్ల పంతాలు, కరవులు, వరదలు. కొత్తవీ చేరుతుంటాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో అదే బాణీలో ఉద్యమ పాటలు కట్టి ఆడారు. 2014లో ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

రాతి మీద పద్యం... నోటి మీద పాట

వేములవాడకు అక్షరమేమీ కొత్త కాదు. వెయ్యేళ్ల కిందట ఇది వేములవాడ చాళుక్యుల రాజధాని. కన్నడ ఆదికవి పంపడు రెండో అరికేసరి ఆస్థానంలో ఉండి క్రీ.శ. 941లో ‘విక్రమార్జున విజయం’ పూర్తిచేశాడు. అతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద వేయించిన శాసనం నేటికీ ఉంది. ఇప్పటి కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో ఉందీ గుట్ట. సంస్కృతం, కన్నడంతో పాటు అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగులో దొరికిన తొలి కందాలు ఇవేనని పండితులు చెబుతారు.

బతుకమ్మ పుట్టుకనూ ఇక్కడికే ముడిపెట్టే కథ ఒకటుంది. చోళులు దండెత్తి వచ్చి వేములవాడ నుంచి పెద్ద శివలింగాన్ని తంజావూరుకు తరలించారట. అయ్య వెళ్లిపోగా ఒంటరిదైన అమ్మను ఓదార్చడానికి జనం పూలను పేర్చి పాడారట. ‘బృహదమ్మే’ బతుకమ్మ అయిందంటారు. దీన్ని కథగానే వినాలి గానీ చరిత్రగా కాదు. అయితే ఓదార్పు కోసం పాట పుట్టిందన్న ఊహ మాత్రం ఆ పాటల్లోని దుఃఖానికి సరిగ్గా సరిపోతుంది.

రాతి మీది కందానికి వెయ్యేళ్లు దాటినా ఢోకా లేదు. నోటి మీది పాట అలా కాదు. ఒక్క తరం పాడకపోతే పోయినట్టే. ఆ గాలి పీల్చి ఎదిగినవాళ్లకు దాని విలువ తెలుసు. డాక్టర్ సి.నారాయణరెడ్డి 1931లో పుట్టింది వేములవాడ పక్కనే ఉన్న హనుమాజీపేటలో. 1988 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న ఆ కవికి చిన్నప్పుడు అబ్బిన తొలి సాహిత్యం హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలే.

మగవాళ్లకూ ఉంది పాఠం

ఉత్తర తెలంగాణలో ఇలాంటి బడులు ఇంకా ఉన్నాయి. చిరుతల రామాయణమే తీసుకోండి. ఊరివాళ్లు ఓ గురువును పిలిపించుకుంటారు. వ్యవసాయ పనులు తగ్గిన రోజుల్లో, రాత్రిపూట వారాల తరబడి సాధన. రైతులు, కూలీలు, చదువుకునే కుర్రాళ్లు కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిరుతలు పట్టి పాటా అడుగూ కలిపి నేర్చుకుంటారు. ఆపైన ఊరందరి ముందూ ప్రదర్శన.

ఆదిలాబాద్ అడవుల్లోకి వెళ్తే రాజ్‌గోండుల దండారి. దీపావళి రోజుల్లో నెమలి ఈకల కిరీటాలు పెట్టుకున్న గుస్సాడీలు డప్పు, గుమేల, తుడుం, పెప్రె వాద్యాలతో ఒక గూడెం నుంచి మరో గూడేనికి అతిథులుగా వెళ్తారు. అక్కడ ఆడతారు, ఆతిథ్యమిచ్చిన వాళ్ల ఆట చూస్తారు. ఇక్కడా చదువంతా రాకపోకల్లోనే! ఆ అడుగుల్ని కొత్త తరాలకు నేర్పిన మర్లవాయి గుస్సాడీ గురువు కనకరాజును 2021లో పద్మశ్రీ వరించింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు.

వేములవాడ రాజన్న సన్నిధిలో ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాలదీ ఇంచుమించు ఇదే దారి. పంచరత్న కీర్తనల గోష్ఠిగానంలో విద్వాంసుల గొంతుల మధ్య విద్యార్థుల గొంతులూ కలుస్తాయి. శాస్త్రీయమైనా జానపదమైనా, పదిమందితో కలిసి పాడితే పట్టుబడేది ఎక్కువ.

సముద్రాల అవతల...

పండుగనే బడిగా మార్చుకున్న వాళ్లు ఐర్లండ్, స్కాట్లండ్‌లలోనూ ఉన్నారు. పల్లెపాట పట్నం హోరులో కొట్టుకుపోతోందన్న బెంగతో 1951లో ఐర్లండ్‌లోని ముల్లింగర్ పట్టణంలో సంగీతప్రియులు ‘ఫ్లా’ పేరుతో ఓ ఉత్సవం మొదలుపెట్టారు. 1973లో విల్లీ క్లాన్సీ అనే పైపు వాద్యకారుడు చనిపోతే, ఆయన ఊరు మిల్‌టౌన్ మాల్బేలో ఆయన పేరిట వేసవి బడి పెట్టారు. ఏటా జులైలో వారం రోజులు పగలు పాఠాలు, సాయంత్రం ఆటపాటలు. అక్కడా కాగితం చూసి కాదు, చెవితో విని నేర్చుకోవడానికే పెద్దపీట.

స్కాట్లండ్‌లో బారా అని ఓ చిన్న దీవి. జనాభా వెయ్యి పైచిలుకు. తమ పిల్లలకు తమ గేలిక్ పాటలే రావడం లేదని గుర్తించిన అక్కడి పెద్దలు 1981లో పిల్లల కోసం ‘ఫేష్’ పేరుతో పాటల పండుగ జరిపారు. అది చూసి మిగతా ఊళ్లూ అందుకున్నాయి. ఇప్పుడు స్కాట్లండ్‌లో అలాంటివి నలభైకి పైగా ఉన్నాయి.

వాళ్లు తెగిపోతున్న దారాన్ని పట్టుకుని ముడేయాల్సి వచ్చింది. మన దారం ఇంకా తెగలేదు. ఉన్నదాన్ని జారిపోనివ్వకుండా చూసుకుంటే చాలు.

స్పీకరు పాడితే... మనం?

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇప్పుడు చాలా వాడల్లో బతుకమ్మల మధ్య పెద్ద స్పీకర్లు పెడుతున్నారు. టీవీ చానళ్లూ యూట్యూబ్‌ల పుణ్యమా అని ఏటా కొత్త పాటలు వస్తున్నాయి. పిల్లలకు హుషారు, అడుగుకు ఊపు. దూరమైన కొన్ని పాత పాటలు మళ్లీ వినబడుతున్నదీ ఆ ఫోన్లలోనే. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న తెలుగు అమ్మాయికి అమ్మమ్మ పక్కన లేని లోటు తీర్చేదీ అదే. జనం వేలల్లో ఉంటే మైకు తప్పదు కూడా. 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో తొమ్మిది వేలమందికి పైగా మహిళలు ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అంతమందికి ఒక్క గొంతు ఎలా వినిపిస్తుంది?

కానీ స్పీకరు ఆగదు. మనం తిరిగి అనేంత వ్యవధి ఇవ్వదు. ఎవరు తడబడ్డా పట్టించుకోదు. దాంతో కాలు ఆడుతుంది, నోరు మూతపడుతుంది. పిల్లలకు అడుగు వస్తోంది, చరణం రావడం లేదు. వంద చరణాలు నోటికి వచ్చిన అవ్వ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోతోంది. ‘నువ్వెత్తుకోవే’ అని మనవరాలితో అనే అవకాశమే ఆమెకు రావడం లేదు.

పరిష్కారం కష్టమైనదేమీ కాదు. స్పీకరును తీసేయక్కర్లేదు, ఓ గంట ఆలస్యంగా పెడితే చాలు. ముందు అవ్వల పాట, తర్వాత ఫోను పాట. బొడ్డెమ్మ ఆగిపోయిన వాడల్లో మళ్లీ మొదలుపెట్టొచ్చు. అపార్ట్‌మెంట్లలోనైనా పండుగకు ముందు నాలుగు సాయంత్రాలు పిల్లల్ని పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెట్టొచ్చు. అమ్మమ్మ పాటను సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోవడం మంచిదే. పక్కనే నిలబడి ఆమె వెంట అనడం అంతకన్నా మంచిది.

వేములవాడ ఆడబిడ్డ రెండిళ్లకూ పండుగ దక్కాలని రెండు రోజులు ముందుకు జరుపుకుంది. పాట కోసం మనం జరపాల్సింది ఒక్క గంటే.

వెళ్లాలంటే...

వేములవాడ ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. 2016కు ముందు కరీంనగర్ జిల్లాలో ఉండేది. హైదరాబాద్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి 35 కిలోమీటర్ల లోపు. రెండు చోట్ల నుంచీ ఆర్టీసీ బస్సులున్నాయి. రైల్లో వచ్చేవాళ్లు కరీంనగర్‌లో దిగి రోడ్డు మార్గంలో చేరుకోవచ్చు. రాజన్న ఆలయ విస్తరణకు 2024 నవంబరులో శంకుస్థాపన జరిగింది కాబట్టి, దర్శనం ఏర్పాట్లు ముందే కనుక్కుని బయల్దేరడం మంచిది. భీమేశ్వరాలయం, బద్ది పోచమ్మ గుడి కూడా ఊళ్లోనే ఉన్నాయి. బతుకమ్మ చూడాలనుకుంటే మాత్రం ఏడో రోజు అన్నది మరవకండి. తొమ్మిదో రోజు వస్తే... ఆడబిడ్డలు ఊళ్లకు వెళ్లిపోయి ఉంటారు!