గేటు కాపరి ఇల్లు

లాడ్జి అనగానే మనకు బస్టాండు పక్కన అద్దెకిచ్చే గదులే గుర్తొస్తాయి కదండీ. ఇంగ్లండులో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. జమీందారీ తోట గేటు పక్కన కాపలావాడి కుటుంబానికి కట్టించిన రెండు మూడు గదుల ఇల్లది. బండి చప్పుడు వినపడగానే వాళ్లు పరుగెత్తి గేటు తీయాల్సి వచ్చేది.

1749లో హొరేస్ వాల్‌పోల్ అనే రచయిత లండన్ దగ్గర స్ట్రాబెరీ హిల్‌లో తన ఇంటిని పాత చర్చీల పోలికలో మార్చడం మొదలుపెట్టాడు. గోథిక్ అనే ఆ పద్ధతి మీద మోజు పెరిగి పెరిగి, తర్వాతి శతాబ్దానికి గేటు ఇళ్లదాకా వచ్చింది. బాగా వాలుగా ఉండే కప్పు, పొడుగాటి పొగగొట్టం, పైన కోసుగా ముగిసే కిటికీలు.

ఆ కోసు కమాను గీయడం మీ ఇంట్లోనే చూడొచ్చు. సుద్దముక్క, దారం తీసుకుని, కిటికీ వెడల్పంత గీత గచ్చు మీద గీయండి. దారం ఒక కొసను ఎడమ చివర అదిమిపట్టి, అంతే పొడవు దారంతో కుడి చివర నుంచి పైకి వంపు తిప్పండి. ఇప్పుడు కుడి చివర పట్టుకుని ఎడమ నుంచి తిప్పండి. రెండు వంపులూ కలిసిన చోటే కోసు. అరవృత్తపు కమానుకన్నా ఇది గోడల్ని పక్కలకు తక్కువ తోస్తుంది, బరువును నేలకు దింపుతుంది.

మనకిది కొత్తేమీ కాదు. 1591 నాటి చార్మినార్ నాలుగు కమాన్లూ కోసువే. గోథిక్‌నే చూడాలంటే మా పీర్జాదిగూడ నుంచి తార్నాక, సికింద్రాబాద్ మీదుగా తిరుమలగిరి వెళ్లండి. ఇంగ్లీషు సైనికుల కోసం 1860లో కట్టిన ఆల్ సెయింట్స్ చర్చి ఉంది.

నాకు మాత్రం ఆ గేటు ఇళ్ల మీదే మనసు. వచ్చేవాళ్ల కన్ను ముందు పడేది వాటి మీదే గనుక యజమాని తన పరువు కోసమే కట్టించి ఉండొచ్చు. గదులు ఇరుకే. అయినా బంగళా కిటికీకి పెట్టిన కోసే కాపరి కిటికీకీ పెట్టారు. ఆ కుటుంబానికి సొంత పొయ్యి, సొంత గుమ్మం దక్కాయి.

మా వీధిలో ఒక అపార్టుమెంటుంది. వాచ్‌మన్ గది మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన. కిటికీ లేదు. సాయంత్రాలు ఆయన కూతురు కార్ల మధ్య ట్యూబులైటు కింద చాప పరుచుకుని ఎక్కాలు రాసుకుంటుంది.

మీరు ఇల్లో అపార్టుమెంటో కట్టించబోతుంటే, ప్లాను మీద సంతకం పెట్టేముందు ఆ ఒక్క గది ఎక్కడ గీశారో వెతకండి. గాలి, వెలుతురు వచ్చే కిటికీ పెట్టమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి.