చీటీ తీయండి... నిధి పట్టండి!

రాయదుర్గం చుట్టుపక్కల పిల్లలకు ఆదివారం షికారంటే ఏసీ మాలే. ‘మ్యూజియానికి వెళ్దామా’ అంటే ‘బోర్‌ నాన్నా’ అనేస్తారు. అదే, ‘గంటకోసారి గదిలోంచి బయటికొచ్చే గడ్డం మనిషిని పట్టుకోవాలి, వస్తావా’ అని అడిగి చూడండి... మీకంటే ముందు వాళ్లే చెప్పులు వేసుకుంటారు! ట్రెజర్‌ హంట్‌లోని కిటుకంతా అదే. దీనికి కావాల్సింది నాలుగు చీటీలు, ఓ పెన్ను, మెట్రో టికెట్లు.

చీటీకో పొడుపుకథ రాయాలి. దొరికే ప్రతి నిధీ అంతకుముందు దానికంటే పాతదై ఉండాలి. చిత్రమేంటంటే, హైదరాబాద్‌లో ఈ వరస మెట్రో దారికి చక్కగా అతుకుతుంది. ముందు దూరంగా ఉన్న పాతబస్తీ వైపు వెళ్లి, అక్కణ్నుంచి ఇంటిదారి పడితే చాలు.

బయల్దేరే రాయదుర్గం స్టేషనే అన్నిటికంటే చిన్నది. అక్కడికి రైళ్లొచ్చింది 2019 నవంబరులో. ప్లాట్‌ఫామ్‌ మీదున్న పిల్లల్లో కొందరు దానికంటే పెద్దవాళ్లు! అమీర్‌పేటలో రైలు మారి, ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే సాలార్‌జంగ్‌ మ్యూజియం.

‘ఒకడు సెకనుకో దెబ్బ వేస్తాడు. ఇంకొకడు గంటకోసారే గడప దాటతాడు.’ జవాబు సంగీత గడియారం. గడ్డం బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళుతుంటే, పక్కన కమ్మరి బొమ్మ సుత్తి ఆడిస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండుకి జనం ఎక్కువ. చిన్నపిల్లలుంటే పదకొండుకే వెళ్లి కూర్చోవడం మేలు, పోయేది ఒక్క దెబ్బేగా! మేలిముసుగు రెబెకా దగ్గర మాత్రం వేటకి కాస్త విరామం ఇవ్వాల్సిందే. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి బొమ్మని మొదటి సాలార్‌జంగ్‌ 1876లో రోమ్‌లో కొన్నారు. రాయిలోంచి పల్చటి బట్ట ఎలా వచ్చిందన్న ప్రశ్నకు అమ్మానాన్నల దగ్గరా జవాబుండదు.

మళ్లీ మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే పబ్లిక్‌ గార్డెన్స్‌. చెట్టు కింద పులిహోర డబ్బా విప్పాక రెండో చీటీ. ‘ఈజిప్టులో పుట్టింది, హైదరాబాద్‌లో నిద్రపోతోంది.’ తోటలోనే ఉన్న రాష్ట్ర మ్యూజియంలోని మమ్మీ అది. వయసు రెండు వేల ఏళ్ల పైమాటే. ఆరో నిజాం అల్లుడు నజీర్‌ నవాజ్‌ జంగ్‌ కొని తెచ్చి ఏడో నిజాంకిస్తే, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశారు. భయపడే పసివాళ్లుంటే ఈ చీటీని దాటేయండి.

‘ఒంటి నిండా ఎముకలే. పేరులో తెలుగు ఊరు.’ ఇది మూడో చీటీ. దగ్గర్లోని నౌబత్‌ పహాడ్‌ ఎక్కాలి. అక్కడి బిర్లా సైన్స్‌ మ్యూజియంలో నిలబడి ఉంది కోటాసారస్‌ యామన్‌పల్లియెన్సిస్‌. అప్పటి ఆదిలాబాద్‌ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో కనీసం 12 డైనోసార్ల ఎముకలు కలిపి 840 దాకా దొరికాయి. వాటితో పేర్చిన అస్థిపంజరమిది. ఆకులలములు తిని బతికిన ఈ జీవి వయసు పదిహేను కోట్ల ఏళ్ల పైనే. ఇంతకంటే పాతది ఇంకేముంటుంది అనేస్తారు పిల్లలు.

అప్పుడు తీయాలి ఆఖరి చీటీ. ‘మీ ఇంటి దగ్గరే ఉన్నా. టికెట్‌ లేదు, కాపలా లేదు.’

సాయంత్రానికి రాయదుర్గంలో దిగి, ఆటోలో దుర్గం చెరువుకి వెళ్లండి. 2020లో ప్రారంభమైన తీగల వంతెననే అందరూ ఫొటోలు తీసుకుంటుంటారు. మీరు మాత్రం గట్టునున్న గుండ్లని చూపించండి. ఈ గ్రానైట్‌ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు! ఎండకీ వానకీ అరిగి అరిగి ఈ రూపానికొచ్చింది. మిగతా నిధులన్నీ అద్దాల వెనకో, గోడల మధ్యో ఉన్నాయి. దీన్ని ముట్టుకోవచ్చు, ఎక్కి కూర్చోవచ్చు. ఇలాంటి గుట్టలెన్నో పగిలి కంకరగా మారాకే ఐటీ కారిడార్‌ లేచింది. మిగిలినవాటి కోసం 1996లో ‘సొసైటీ టు సేవ్‌ రాక్స్‌’ అనే సంస్థే పుట్టింది.

పల్లీచిక్కీల పొట్లాన్ని ముందే ఆ గుండు పక్కన దాచి ఉంచితే ఆట పూర్తయినట్టే. ‘మన అపార్ట్‌మెంట్‌ ఉన్నచోట ఏ గుట్ట ఉండేది?’ అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఇంటి దగ్గరే ఆలోచించుకుని బయల్దేరండి.