సరిహద్దుకు ఇవతలా అవతలా మేమే

సాయంత్రం పూట ఏ టీవీ పెట్టినా, ఏ ఫోను తెరిచినా అదే చర్చ. సరిహద్దు భద్రత, చొరబాటుదారులు, వలసలు, ఉగ్రవాదం. గోడ కట్టాలని ఒకరు, కంచె వెయ్యాలని ఇంకొకరు, పట్టుకుని వెనక్కి పంపాలని మరొకరు. మా హాస్టలు పిల్లలు కూడా ఈ మాటలు నేర్చుకున్నారు. ఇవన్నీ కాశ్మీరుకో, అస్సాంకో, అమెరికాకో సంబంధించిన సంగతులని వాళ్లు అనుకుంటారు. అయితే సరిహద్దు అంటే మాకు దూరపు మాట కాదు. మేం పుట్టిందీ పెరిగిందీ సరిహద్దు మీదే.

శబరి, సీలేరు, గోదావరి నదుల మధ్య బతికే కోయవాళ్లం మేము. సీలేరు శబరిలో కలిసే చోటికి దగ్గరగా ఛత్తీస్‌గఢ్‌లో కుంట, ఒడిశాలో మోటు, ఇటు ఆంధ్రలో చింతూరు ఉన్నాయి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి భద్రాచలం వైపు వస్తే తెలంగాణ. ఈ నాలుగు రాష్ట్రాల్లోనూ కోయలున్నారు. మాట్లాడే యాసలో కొంత తేడా ఉండొచ్చు గానీ మడకం, మడివి, సోడి, పొడియం అనే ఇంటిపేర్లు అటూ ఇటూ వినపడతాయి. సంబంధం మాట్లాడేటప్పుడు మా పెద్దలు అడిగేది గట్టు. మూడో గట్టా, నాలుగో గట్టా, ఐదో గట్టా అని అడుగుతారే తప్ప ఏ రాష్ట్రమని అడగరు.

అసలు ఈ రాష్ట్రాల గీతలు మా ఊళ్ల మీద ఎన్నిసార్లు మారాయో చూడండి. 1860లో నిజాం ప్రభువు భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను బ్రిటిషువాళ్లకు ఇచ్చాడు. వాళ్లు మమ్మల్ని సెంట్రల్ ప్రావిన్సులలో కలిపారు. 1874లో తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో పెట్టారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 1959లో భద్రాచలాన్ని తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాకు ఇచ్చారు. 2000లో అవతలి మధ్యప్రదేశ్ ఛత్తీస్‌గఢ్ అయింది. 2014లో తెలంగాణ ఏర్పడే వేళ పోలవరం ప్రాజెక్టు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. మా అవ్వల్లో కొందరు మద్రాసు రాష్ట్రంలో పుట్టి, పుట్టిన ఇంట్లోనే ఉండి, మూడు రాష్ట్రాలు చూశారు. వాళ్లు ఎక్కడికీ వలస పోలేదు. గీతే వాళ్ల ఇంటి మీదుగా పోయింది.

గీత ఎటు పోయినా మేం నడవడం మానలేదు. కుంట సంతకు ఇటువాళ్లు పోతారు, చింతూరు సంతకు అటువాళ్లు వస్తారు. మిరపకాయలు ఏరే కాలంలో బస్తరు నుంచి కుటుంబాలకు కుటుంబాలే ట్రాక్టర్ల మీద దిగుతాయి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఛత్తీస్‌గఢ్, ఒడిశా, మహారాష్ట్రల నుంచి మనవాళ్లు వస్తారు. సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర ఎవరూ ఎవరినీ నీది ఏ రాష్ట్రమని నిలదీయరు.

2005 దాకా ఇలాగే నడిచింది. ఆ ఏడాది జూన్‌లో బస్తరులో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులను ఎదిరించే పేరుతో ఆదివాసీ యువకుల చేతికే తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులన్నారు. ఊళ్లు తగలబడ్డాయి. జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లోకి తరలించారు. శిబిరానికి పోతే ఒకరికి శత్రువు, ఊళ్లో ఉంటే ఇంకొకరికి శత్రువు. ఇన్‌ఫార్మరనే ముద్ర వేసి మావోయిస్టులు చంపినవాళ్లూ ఆదివాసులే. మావోయిస్టులంటూ పోలీసులు పట్టుకుపోయినవాళ్లూ ఆదివాసులే. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఇలా ఆదివాసీ యువకులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అప్పటికే వేల కుటుంబాలు అడవి దాటి ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి జిల్లాల్లోకి వచ్చేశాయి.

వాళ్లు వచ్చింది రాత్రిళ్లు. పిల్లల్ని చంకనేసుకుని, ఒక గిన్నె, ఒక గొడ్డలి, రెండు కోళ్లు పట్టుకుని వచ్చారు. వాగు ఒడ్డున కొమ్మలు నరికి గుడిసెలు వేసుకున్నారు. చెలమ తవ్వుకుని నీళ్లు తాగారు. మా ఊళ్లవాళ్లు కొందరు జొన్నలిచ్చారు, కొందరు కూలికి పిలిచారు, కొందరు దూరం నుంచి చూసి ఊరుకున్నారు. అక్కడ వాళ్లను మురియలు, దోర్లలు అంటారు. ఇక్కడికి వచ్చాక గొత్తికోయలు అన్నారు. పత్రికల్లో ఆ పేరు పక్కన ఎప్పుడూ ఏదో ఒక అనుమానం ఉండేది. అడవి నరికేవాళ్లనో, మావోయిస్టుల సానుభూతిపరులనో రాసేవారు.

మావోయిస్టు పార్టీని 2009లో కేంద్రం ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. సంస్థ మీద పెట్టిన ఆ పేరు మెల్లగా అడవిలోని మనుషులందరి మీదికీ పాకింది. రోడ్డు మీద తనిఖీ జరిగితే బస్సులోంచి మొదట దించేది మమ్మల్నే. ఆధార్ ఉందా, ఎక్కడికి పోతున్నావు, సంచిలో ఏముంది అని అడుగుతారు. గొత్తికోయ పిల్లవాడికి తెలుగు సరిగా రాదు. తడబడితే అనుమానం, బెదిరి పరుగెత్తితే ఇంకా అనుమానం.

భయం ఉత్తదని మేం చెప్పడం లేదు. 2017 ఏప్రిల్ 24న సుకుమా జిల్లా బుర్కాపాల్ దగ్గర మావోయిస్టుల దాడిలో 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు చనిపోయారు. వాళ్లూ పేదింటి బిడ్డలే, వాళ్ల ఇళ్లలోనూ ఏడ్చారు. అయితే ఆ తర్వాత జరిగింది కూడా పిల్లలకు చెప్పాలి. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసులు 121 మందిని ఉగ్రవాద నిరోధక చట్టం కింద నిందితులుగా చూపారు. 2022 జూలైలో కోర్టు వాళ్లందరినీ నిర్దోషులని తేల్చింది. అప్పటికే చాలామంది ఐదేళ్లు జైల్లో గడిపారు. పోడు చేసే మనిషి ఐదేళ్లు ఇంట్లో లేకపోతే ఆ ఇల్లు ఏమవుతుందో ఇది చదివే మీకు చెప్పక్కర్లేదు. ఇంత చేశాక కూడా ఆ 25 మంది తల్లులకు న్యాయం జరగలేదు. తప్పుడు మనిషిని పట్టుకుంటే ఇద్దరికీ అన్యాయమే జరుగుతుంది.

మన గడపలోనే ఇంకొకటి జరిగింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారిని పోడు తగాదాలో చంపేశారు. ఘోరమైన పని. దానికి కారకులైన ఇద్దరికి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. చట్టం చేయవలసింది అదే. కానీ హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామంలో గొత్తికోయలందరినీ ఊరి నుంచి పంపించేయాలని తీర్మానం చేశారు. నేరం ఇద్దరిది, వెళ్లిపొమ్మన్నది పిల్లాజెల్లాతో సహా అందరినీ. ఒక మనిషి తప్పుకు మొత్తం జాతిని బాధ్యులను చేయడం మనకు కొత్త కాదు. బ్రిటిషువాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి కొన్ని తెగలవాళ్లు పుట్టుకతోనే నేరస్థులన్నారు. మన పాఠాల్లో దాన్ని అన్యాయమని చెబుతున్నాం. అదే ఆలోచన మన గ్రామసభలోకి వస్తే గుర్తుపట్టగలగాలి.

ఇక్కడి కోయల బాధ కూడా నిజమే. అడవి తరిగిపోతోంది. పోడుకు పట్టా కోసం మనవాళ్లే ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. కొత్తగా వచ్చినవాళ్లు చెట్లు నరికితే కేసులు తమ మీద పడతాయేమోనన్న భయం ఉంది. తునికాకు కోత పంచుకోవాలి, నీళ్లు పంచుకోవాలి. ఇవి చిన్న విషయాలు కావు. కానీ ఈ కొరత గొత్తికోయలు తెచ్చింది కాదు. వాళ్లకు చట్టం దారి చూపకపోవడం వల్లే ఇద్దరు పేదలు ఒకే వాగు దగ్గర కొట్లాడుకోవలసి వస్తోంది.

అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి సాగులో ఉన్న భూమికే హక్కు ఇస్తుంది. సల్వాజుడుం మొదలైందే ఆ ఏడాది జూన్‌లో. ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్లకు ఇక్కడ భూమి హక్కు లేదు, వెనక్కి పోదామంటే అక్కడ ఊరు లేదు. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. అందుకని ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ అయినవాళ్లకు ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రం రాదు. 2014లో ఏడు మండలాల మీదుగా గీత జరిగినప్పుడు ఆ ఊళ్ల కోయలు ఎస్టీలుగానే ఉన్నారు, ఉండాలి కూడా. ప్రాణభయంతో మనిషే గీత దాటినప్పుడు మాత్రం అతని తెగ కాగితం మీద లేకుండా పోయింది. అతని బిడ్డ పదో తరగతి పాసైనా కుల ధ్రువపత్రం లేక ఆగిపోతోంది. టీవీ చర్చల్లో ఈ పిల్ల గురించి ఎవరూ మాట్లాడరు.

మరి సరిహద్దులే వద్దంటామా? అనం. మేమూ ఒక గీత కోసం కొట్లాడినవాళ్లమే. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదన్న 1/70 చట్టం మాకు కంచె లాంటిది. దేశంలో ఎక్కడికైనా పోవడానికి, ఉండడానికి 19వ అధికరణం పౌరులందరికీ హక్కిచ్చింది. షెడ్యూల్డు తెగల మేలు కోసం ఆ హక్కు మీద పరిమితి పెట్టవచ్చని అదే అధికరణం ఐదో క్లాజు చెప్పింది. మైదానం నుంచి డబ్బుతో, బినామీ కాగితాలతో వచ్చేవాణ్ని ఆపడానికి పెట్టుకున్న రక్షణ అది. ఇల్లు కాలిపోయి గిన్నె పట్టుకుని వచ్చినవాణ్ని తరమడానికి పెట్టుకున్నది కాదు. ఏ కంచె గురించి విన్నా మనం ముందు అడగవలసింది ఇదే: ఇది దోచుకునేవాణ్ని ఆపుతోందా, పారిపోయి వచ్చినవాణ్ని ఆపుతోందా? మా ఏజెన్సీలో 1/70 ఉండగానే మేడలు లేచాయి, భూములు చేతులు మారాయి. గొత్తికోయ గుడిసెలను మాత్రం పీకించారు.

ఇలాంటి ఇబ్బంది మాకొక్కరికే లేదు. నాగాలాండ్ మోన్ జిల్లాలోని లోంగ్వా గ్రామంలో భారత, మయన్మార్ సరిహద్దు ఊరి పెద్ద ఇంటి మీదుగానే పోతుంది. అక్కడి కొన్యాక్ నాగాలు అటూ ఇటూ తిరగడానికి ఇంతకాలం ఒక వెసులుబాటు ఉండేది. భద్రత కోసం దాన్ని ఎత్తేస్తామని, 1,643 కిలోమీటర్ల సరిహద్దుకూ కంచె వేస్తామని 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించింది. నాగాలాండ్, మిజోరం శాసనసభలు వద్దని తీర్మానాలు చేశాయి. అమెరికాలో అరిజోనా ఎడారిలోని టొహోనో ఓధామ్ అనే ఆదివాసుల నేలను 1850లలో అమెరికా, మెక్సికోలు చెరిసగం చేసుకున్నాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అక్కడ కాపలా పెరిగి, తమ పండుగలకూ బంధువుల దగ్గరికీ పోవడం వాళ్లకు కష్టమైంది. ఆ దాడులతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు. ఎక్కడైనా ఆ గీత మీద బతికేవాళ్లను అడగకుండానే దాని గురించి నిర్ణయాలు జరుగుతున్నాయి.

అందుకే ఉపాధ్యాయులకు ఒక మాట. గొత్తికోయ గూడేల పిల్లల్ని బడిలో చేర్చుకోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వాళ్ల మాట మీకు రాకపోతే పక్క బెంచీలోని కోయ పిల్లను పిలవండి, సగమైనా చెప్పేస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకూ ఒక మాట. చొరబాటుదారుడన్న మాట వినగానే ఒక్కసారి ఆగి, ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో, ఎందుకు వచ్చాడో అడగండి. వీలైతే అతన్నే అడగండి, మన భాషలోనే జవాబు చెబుతాడు. గ్రామసభలో పంపించేయాలన్న తీర్మానం వస్తే లేచి మాట్లాడండి. 1996 నాటి పీసా చట్టం గ్రామసభకు ఇచ్చిన బలంతో వాళ్ల గూడేనికి బోరు కావాలని, అంగన్‌వాడీ కావాలని, రెండు రాష్ట్రాలూ కూర్చుని వాళ్ల భూమి సంగతి, ధ్రువపత్రాల సంగతి తేల్చాలని తీర్మానం రాయించండి. ఐ.టి.డి.ఏ. కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ కాగితం ఒక్కరోజులో పని చేయదని మాకు తెలుసు. పోడు పట్టాల కోసం మనం ఎన్ని కాగితాలు ఇచ్చామో మీకూ తెలుసు. అయినా ఇస్తూనే ఉన్నాం, కొన్ని వచ్చాయి కూడా.