సూదేసి పంపియ్యి సారూ

సూర్యాపేటలో నా ప్రాక్టీసు. అప్పుడప్పుడూ కోదాడ, మిర్యాలగూడ వెళ్లి పేషెంట్లను చూసి వస్తుంటాను. మూడు ఊళ్లలోనూ మానసిక వైద్యుడి చెవిన పడే మాట ఒకటుంది: "ఏదన్న సూదేసి పంపియ్యి సారూ, నాతోని ఎవలికీ ఫాయిద లేదు." డిప్రెషన్ ముదిరినవాళ్లు అంటారీ మాట. ఒక్కోసారి తోడొచ్చినవాళ్లే పేషెంటును బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి అంటారు.

మన దగ్గర అది మాటగానే పోతుంది, చట్టం ఒప్పుకోదు కాబట్టి. నెదర్లాండ్స్, బెల్జియంలలో 2002 చట్టాల కింద దాన్ని దరఖాస్తుగా తీసుకుంటారు. ఒంట్లో ప్రాణాంతక రోగం ఉండాలని లేదు. మనసు పడే బాధ భరించరానిదని, ఇక నయమయ్యే దారి లేదని డాక్టర్లు తేలిస్తే సరిపోతుంది. కెనడా 2021లో చట్టం సవరించి, మానసిక జబ్బు ఒక్కటే ఉన్నవాళ్లకు కూడా 2023 నుంచి ఈ అవకాశం ఇస్తామంది. ఆ తర్వాత 2024 అంది. ఇప్పుడు 2027 మార్చి అంటోంది. ఎన్ని వాయిదాలైనా వేసుకోనీ, నాకు ఇబ్బంది లేదు.

నా అభ్యంతరం ఆ "నయం కాదు" దగ్గరే. కోదాడ వైపు ఊరి నుంచి వచ్చిన ఒక పత్తి రైతు భార్య సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు తీసేసి. యాభై దాటిన మనిషి. అన్నం మానేసింది. "నా పేగులు కుళ్లిపోయినయి, నేను ఎన్నడో సచ్చిన, ఇగ బొంద పెట్టుడే మిగిలింది" అంటుంది. నా దగ్గరికి వచ్చేసరికే ఊళ్లో ఆర్ఎంపీ గ్లూకోజు ఎక్కించాడు, ఖమ్మంలో కడుపు స్కానింగు అయింది, జాన్‌పహాడ్ దర్గాలో మొక్కు తీరింది. మాత్ర నోట్లో పెడితే ఉమ్మేస్తోంది. కొడుకు అప్పటికే ఆశ వదిలేసుకున్నాడు. ఆ రోజు ఆమెను ఏ దేశపు కమిటీ ముందు కూర్చోబెట్టినా, చావు కావాలని తడబడకుండా చెప్పేది. బాధ భరించరానిదా అంటే ముమ్మాటికీ భరించరానిదే.

ఆమెకు ఈసీటీ అవసరం. జనం భాషలో కరెంటు షాకు. సినిమాల పుణ్యమా అని ఆ పేరు వింటేనే ఇంటిల్లిపాదీ లేచి నిలబడతారు. మత్తిచ్చి, కండరాలు సడలే మందిచ్చి చేస్తారనీ, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు లేకుండా చేయడం నిషేధమనీ నచ్చజెప్పి హైదరాబాద్ పంపాను. కొన్ని వారాలకు తిరిగొచ్చింది. నా గదిలోనే కొడుకును నిలదీస్తోంది, పత్తి ఎవడికి ఏ ధరకు అమ్మినవ్, నన్నడగకుండ ఎట్ల అమ్మినవ్ అని. సూదేసి పంపమన్న సంగతి గుర్తు చేస్తే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "అట్లెందుకన్ననో నాకే ఎర్కలేదు సారూ."

డిప్రెషన్‌ను నిర్ధారించడానికి మేం చూసే తొమ్మిది లక్షణాల్లో చావు ఆలోచనలు కూడా ఒకటి. కోరికే జబ్బు లక్షణమైనప్పుడు దాన్ని రోగి స్వేచ్ఛా నిర్ణయంగా ఎలా రాసుకుంటాం? క్యాన్సరు ఏ దశలో ఉందో స్కాన్ చెబుతుంది. మా దగ్గర అలాంటి స్కాన్ లేదు, రక్త పరీక్ష లేదు. వందమందిలో ఎంతమంది కోలుకుంటారో ఉజ్జాయింపుగా చెప్పగలం. ఎదురుగా కూర్చున్న ఈ ఒక్క మనిషి కోలుకోదని ఏ సైకియాట్రిస్టూ ప్రమాణం చేసి చెప్పలేడు.

2004లో హైదరాబాద్‌లో వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడి కేసు పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కండరాల క్షీణత వ్యాధి, పాతికేళ్ల వయసు. చనిపోయేలోపే తన అవయవాలు ఇంకొకరికి ఇవ్వాలన్నది అతని కోరిక. తల్లి సుజాత హైకోర్టుకు వెళ్లారు, కోర్టు కాదంది, ఆ డిసెంబరులోనే అతను పోయాడు. 'సలామ్ వెంకీ' సినిమాకు మూలం ఆ కథే. అక్కడ శరీరం గడువు చెప్పేసింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అనుమతించింది కూడా అలా కోలుకునే ఆశ లేని రోగికి వెంటిలేటరు వంటివి ఆపడాన్నే. దాన్ని నేను వ్యతిరేకించను. డిప్రెషన్ రోగిని ఆ వరసలో నిలబెట్టడం వేరే సంగతి.

గట్టి ఎదురువాదం లేకపోలేదు. 2024 మేలో నెదర్లాండ్స్‌లో జొరాయా టెర్ బీక్ అనే 29 ఏళ్ల అమ్మాయి చట్టబద్ధంగా, డాక్టర్ల చేతుల మీదుగా చనిపోయింది. ఏళ్ల తరబడి చికిత్స తీసుకుంది, ఈసీటీ కూడా అయింది. ఆమె బాధను శంకించే హక్కు నాకు లేదు. అయినా డాక్టరే "సరే" అన్నాక, అదే జబ్బుతో బయట కూర్చున్న పేషెంటుకు "ఓపిక పట్టమ్మా" అని ఏ మొహంతో చెప్పాలి?

పైగా అక్కడ చికిత్సలన్నీ అయ్యాక అడుగుతున్నారు. ఇక్కడ మొదలుపెట్టకముందే అడుగుతున్నారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. మిర్యాలగూడ రైసుమిల్లు హమాలీ ఒకాయన, కొడుక్కి స్కిజోఫ్రేనియా. "మేం పోయినంక వీన్నెవరు జూస్తరు? మాకంటె ముందుగాల వీడు పోతె నయం" అన్నాడు, కొడుకు ఎదుటే. ఆ తండ్రిది రాతిగుండె కాదు, దిక్కుతోచనితనం. కుర్రాడికి నెలకొక ఇంజెక్షన్ మొదలుపెట్టాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉందని ఆ తండ్రికి తెలియదు. సర్టిఫికెట్ వచ్చింది, నెలకు 4,016 రూపాయల పెన్షన్ వచ్చింది. మిల్లులోనే బస్తాలు కుట్టే పని దొరికింది. కొడుక్కి ఇప్పటికీ చెవిలో గొంతులు వినిపిస్తాయి, పూర్తిగా నయమైందని నేననను. తండ్రి మాత్రం పిల్లను చూడమంటారా వద్దా అని అడుగుతున్నాడు. అది ఇంకో వ్యాసం.

చావాలనే తలపు ఎంత నిలకడ లేనిదో క్యాజువాల్టీలో పనిచేసిన ఎవరినైనా అడగండి. పురుగుల మందు తాగి వచ్చినవాళ్లలో ఎందరో మా చేతులు పట్టుకుని బతికించమనే బతిమాలతారు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తే, 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు సగానికి పైగా తగ్గింది. ఆ కోరిక గట్టిదే అయితే అందరూ ఇంకో దారి వెతుక్కునేవాళ్లు. మన చట్టం కూడా ఇటువైపే వచ్చింది. 2017 చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలని, ప్రభుత్వం చికిత్స ఇప్పించాలని చెప్పింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే లేదు.

మీ ఇంట్లో ఎవరైనా "నన్ను పంపియ్యండి" అంటే పిచ్చి మాటలని కసరకండి. చావాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి తీసుకురండి. అంతలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.