మెట్లు లేని గిటారు

నిచ్చెనమెట్ల కులం గురించి ఇక్కడ చాలా వారాలుగా రాస్తున్నాను. ఈ వారం మెట్లు లేని గిటారు గురించి రాస్తాను. పోయిన నెల మా పల్లె చర్చిలో తీసిన వీడియో పెట్టిన దగ్గర్నుంచీ ఇన్‌బాక్సులో కుర్రాళ్లు ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఆ గిటారు ఎక్కడ కొన్నావ్? దానికి మెట్లేవీ?" అని. కొన్న సంగతి చెప్పాలంటే షాపుల సంగతి చెప్పాలి. షాపుల సంగతి మొదలెడితే కులం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నేను పిలవక్కర్లేదు.

ముందు తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. బేస్ గిటారుకి మామూలుగా నాలుగు లావుపాటి తీగలుంటాయి. పలికేదంతా మంద్ర స్థాయి. అన్నిటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ శబ్దం చెవి కంటే ముందు రొమ్ముకి తగుల్తుంది. పాటలో అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. తీసేస్తే మాత్రం నడుం విరిగినట్టు పాట కూలబడుతుంది. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే దాన్ని మార్కెట్లోకి తెచ్చాక ఇది ప్రపంచమంతా పాకింది. వీణకి ఉన్నట్టే దాని మెడ మీద లోహపు మెట్లుంటాయి. మెట్టు వెనకాల వేలు పెడితే చాలు, స్వరం తప్పదు. ప్రెసిషన్ అని పేరు పెట్టింది అందుకే.

ఈ వాద్యం వాయించినవాళ్లలో నాకు గురువులాంటివాడు జేమ్స్ జేమర్సన్. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీకి వాయించిన నల్లజాతి కళాకారుడు. 1960లలో అమెరికా అంతా ఆయన వేళ్లకి ఆడింది. ఆయన పేరు మాత్రం 1971లో మార్విన్ గే ఆల్బమ్ వచ్చేదాకా ఆ కంపెనీ పెద్ద రికార్డుల అట్టల మీద కనపడలేదు. పాట బరువంతా మోసినవాడికి అట్ట మీద ఒక్క గీత చోటు దొరకలేదు. ఇది చదివినప్పుడు నాకు డెట్రాయిట్ ఎక్కడో ఉన్నట్టు అనిపించలేదు.

మరి మెట్లెందుకు వద్దనుకున్నాను? మా పాటల వల్ల. మా చర్చిలో ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడతారు. ఆ పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. అక్షరం రాని మా నాయనమ్మ ఆనందభైరవి పేరు ఎరగదు గానీ ఆ పట్టు, ఆ జారు గొంతులో పెట్టుకునే పోయింది. మెట్లున్న బేస్ మీద ఆ జారు రాదు. స్వరం మెట్టు మెట్టుకీ ఆగి ఆగి దూకుతుంది. వీణకీ 24 మెట్లున్నాయి కదా అంటారేమో. వీణ తీగ పక్కకి లాగితే సాగుతుంది, గమకం పలుకుతుంది. బేస్ తీగ మోకులాంటిది, అంత సాగదు. కాబట్టి మెట్లే తీసెయ్యాలి. అప్పుడు వేలు ఎక్కడాగితే అక్కడే స్వరం.

ఇది నేను కనిపెట్టింది కాదు. జాకో పాస్టోరియస్ అనే అమెరికన్ తన 1962 నాటి ఫెండర్ బేస్‌కి వెన్నకత్తితో మెట్లు పీకేశాడని కథగా చెప్పుకుంటారు. 1986లో వచ్చిన గ్రేస్‌ల్యాండ్ ఆల్బమ్‌లో మెట్లు లేని బేస్ వాయించింది బకితి కుమాలో, జాతివివక్ష కింద నలుగుతున్న సొవేటో నుంచి వచ్చినవాడు. అంత దూరం ఎందుకు, మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఉన్నాడు. జంట తీగల మాండలిన్‌ని ఎలక్ట్రిక్ చేసి, ఐదు ఒంటి తీగలు కట్టించుకుని, కర్ణాటక రాగాలు పలికించాడు. వాద్యం మనకి సరిపోకపోతే మనమే వాద్యాన్ని మార్చుకోవాలని నేర్పినవాడు ఆయనే.

మాది కూచిపూడి పక్క పల్లె. పామర్రు దగ్గర మచిలీపట్నం రోడ్డు వదిలి చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే తగిలే ఊరు కూచిపూడి. గోల్కొండ తానీషా అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకునే ఊరు. సిద్ధేంద్రయోగి పేరు, వెంపటి చినసత్యం పేరు ప్రపంచానికి తెలుసు. ఆ పక్కనే మొవ్వ, క్షేత్రయ్య మువ్వగోపాలుడిది. ఇంత సంగీతం మధ్య పుట్టి గిటారు పట్టానని ఊళ్లో ఒక పెద్దమనిషికి బాధ కలిగింది. "ఆ దొరల వాయిద్యం ఎందుకురా, మన సంప్రదాయం కాదు" అన్నాడు.

నేనడిగాను. "కూచిపూడి నాట్యానికి పక్కన కూర్చుని వాయించే వయొలిన్ ఎవరిదండీ?"

ఆయన మాట్లాడలేదు. వయొలిన్ వచ్చింది కూడా దొరల ఓడలోనే. రెండు వందల ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మద్రాసులో దొరల దగ్గర నేర్చుకున్నాడు. నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని కింద కూర్చుని కాలి మడమకి ఆనించారు, శ్రుతి మార్చారు. ఇంకేం, సంప్రదాయమైంది. దానికీ మెట్లుండవు, అందుకే మన రాగానికి లొంగింది. నా బేస్ చేసేది సరిగ్గా అదే పని. తేడా ఎక్కడుంది? అది అగ్రహారం ఒడిలో కూర్చుంది, ఇది పల్లెలో భుజానికి వేలాడుతోంది. వాద్యం జాతి కొయ్యలో లేదు, పట్టుకున్న చేతిని బట్టి లోకం వేసే ముద్రలో ఉంది.

ఈ మాటకి సాక్ష్యం కావాలంటే ఒక వాద్యాల షాపుకి వెళ్లండి.

విజయవాడలో నేనెక్కిన మొదటి షాపులో అడుగు పెట్టగానే వచ్చిన ప్రశ్న "ఏ చర్చి నాన్నా?" నా మెడలో సిలువ లేదు, చేతిలో బైబిల్ లేదు. నల్లటి కుర్రాడు, బేస్ గిటారు అడుగుతున్నాడు, కాబట్టి చర్చి. చర్చి కాబట్టి పల్లె. అంత లెక్కా ఒక్క చూపులో అయిపోయింది. "కీబోర్డు, ప్యాడ్, బేస్, మూడూ కలిపి ప్యాకేజీ ఉంది, పాస్టరు గారిని తీసుకురా" అన్నాడు. మెట్లు లేనిది కావాలన్నాను. నన్నొకసారి ఎగాదిగా చూసి, "అలాంటి డిఫెక్ట్ పీసులు మేం పెట్టం" అన్నాడు. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. పోనీ గోడకున్న ఐదు తీగల బేస్ దించండి, వాయించి చూస్తానన్నాను. "కొనేదుంటేనే దించేది." అదే సమయంలో పక్కన ఒక పెద్దాయన వీణ ముందేసుకుని కాఫీ తాగుతూ తీరిగ్గా మీటుకుంటున్నాడు. ఆయన్ని ఏ గుడి అని ఎవరూ అడగలేదు.

ఆ షాపులో మృదంగానికి కుంకుమ బొట్టు పెట్టి ఎత్తున నిలబెట్టారు. మృదంగానికి ఆవు, మేక, గేదె, మూడు తోళ్లు కావాలి. ఆ తోళ్లు ఎంచి, కడిగి, సాగదీసి, మూసేవాళ్లలో ఎందరో దళిత క్రైస్తవులని టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని ఒక పుస్తకమే రాశాడు. తోలుకి బొట్టు, తోలు మూసిన చేతికి "కొనేదుంటేనే". మా తాత డప్పు కొట్టేవాడు. చర్చిలో చేరాక ఊరి జాతరకి కొట్టనన్నాడు, డప్పు అటకెక్కింది. నిప్పు సెగకి కాచిన ఆ డప్పు దరువు నా రొమ్ముకి మళ్లీ తగిలింది బేస్ గిటారులోనే. అందుకే దాన్ని గోడ మీద బొమ్మలా చూసి రాలేకపోయాను.

రెండో షాపులో పనిచేసే కుర్రాడు మనవాడే. ఆదివారం ప్యాడ్ వాయిస్తాడట. ఓనరు భోజనానికి వెళ్లగానే బేస్ దించి, ఆంప్‌కి తగిలించి, "కానివ్వు అన్నా" అన్నాడు. మెట్లు లేనివి అడిగేవాళ్లు లేరని డీలర్లు తేరని చెప్పాడు. ఎడమచేతి వాటం గిటార్లదీ అదే గతి. ఆర్డరిస్తే మొత్తం ముందే కట్టాలి, నచ్చకపోయినా వెనక్కి తీసుకోరు.

పని మీద చెన్నై వెళ్లినప్పుడు ఒక షాపులో మొదటిసారి మెట్లు లేని బేస్ చేతికొచ్చింది. స్టూలు వేశారు, వైరు తగిలించారు, వదిలేశారు. నాయనమ్మ కీర్తన ఎత్తుకున్నాను. పంచమం నుంచి కిందికి వేలు జారిస్తే అది గొంతులాగే మూలిగింది. ధర చీటీ చూశాను. నా రెండు నెలల జీతం. జాగ్రత్తగా స్టాండు మీద పెట్టి వచ్చేశాను.

ఆఖరికి దొరికింది విజయవాడలోనే, ఆర్కెస్ట్రా మానేసిన ఒక పెద్దాయన దగ్గర. ఐదు తీగలది, మెట్లున్నది, 14 వేలు. మెట్లు మేమే తీశాం. మా పల్లెలో ఫర్నిచర్ పనిచేసే తమ్ముడు సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో మెట్టూ వేడిచేసి, కట్టర్‌తో మెల్లగా లేపాడు. వేడి చెయ్యకుండా పీకితే కొయ్య పెచ్చులూడుతుంది. ఖాళీ గాళ్లలో పల్చటి చెక్క ముక్కలు జిగురుతో దించి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాం. వేలు ఎక్కడ పెట్టాలో ఆ చెక్క గీతలే గుర్తు.

ఇక కొనాలనుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. మెడని కన్నుకి ఆనించి తుపాకి గురి చూసినట్టు చూడండి. మన సముద్రపు తేమకి కొయ్య వంగుతుంది. కొద్దిగా వంగితే లోపలి కడ్డీ బిగించి సరిచెయ్యొచ్చు, మెలి తిరిగితే వదిలెయ్యండి. మెట్లు లేని దానికి నున్నటి ఫ్లాట్ తీగలు వెయ్యండి, గరుకు తీగలు పలకని కోసేస్తాయి. ఐదో తీగ కావాలనుకుంటే ముందు ఆంప్ సంగతి చూసుకోండి. ఆ తీగ కంపించేది సెకనుకి 31 సార్లే, చిన్న పెట్టెలో అది పలకదు. పాస్టరు గారినో పెద్దమనిషినో వెంటపెట్టుకు పోవద్దు, వాయించేది మీరు కాబట్టి మీరే వెళ్లండి. వాయించి చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. నేను చూసినంతలో మన డెల్టాలో ఈ షాపుల గల్లాలు నింపేది ఆదివారం పాటలే.

ఏ చర్చి అని అడుగుతారు. తల దించొద్దు. చర్చి పేరు చెప్పండి, పల్లె పేరు చెప్పండి, ఆ తర్వాత గిటారు దించమనండి.

జై భీమ్.